ఎక్స్‌చేంజ్ ప్రోగ్రాంకి ప్రతి ఏడాదీ ఒకే రకం స్టూడెంట్స్ వెళ్తున్నారు, మిగతావాళ్ళు అసలు అప్లై కూడా చెయ్యట్లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తకిటికీ:

నమస్తే అండి అందరికీ. నేను ఒక యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ ఆఫీసులో పనిచేస్తున్నా, చేరి ఏడాదిన్నర అవుతోంది. మా స్టూడెంట్స్‌ని ఒక సెమిస్టర్‌కో, సెలవుల్లో నాలుగైదు వారాలకో బయటిదేశాల యూనివర్సిటీలకి పంపడం, అక్కడ్నుంచి వచ్చేవాళ్ళని ఇక్కడ చూసుకోవడం మా పని. వచ్చే ఏడాది నుంచి ఈ ప్రోగ్రాంలో అన్ని నేపథ్యాల పిల్లలూ ఉండేలా చూడాలని పైనుంచి చెప్పారు, ఆ బాధ్యత నాకిచ్చారు, ఇచ్చినందుకు సంతోషంగానే ఉంది కానీ ఏ కొస పట్టుకోవాలో తెలియక ఇక్కడ అడుగుతున్నా.

మొన్న గత మూడేళ్ళలో వెళ్ళొచ్చినవాళ్ళ లిస్టులు ముందేసుకుని కూర్చున్నా. ఊరికే పేర్లు చూడ్డం కాదు, ఎవరు ఏ డిపార్ట్‌మెంటు, ఫీజు రాయితీ ఉందా, ఇంట్లో వీళ్ళకన్నా ముందు ఎవరైనా కాలేజీ మెట్లెక్కారా, చదువుకుంటూ పార్ట్‌టైం పని చేస్తున్నారా, ఇవన్నీ పక్కన రాసుకుంటూ పోయా. చివరికొచ్చేసరికి ఒకటే బొమ్మ కనిపించింది, అమ్మానాన్న బాగా చదువుకున్నవాళ్ళు, అప్పటికే పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు, ఇంట్లో ఎవరో ఒకరు బయటిదేశం చూసొచ్చినవాళ్ళు. మూడేళ్ళలో వీల్‌చెయిర్ వాడే స్టూడెంట్ గానీ చూపు లేని స్టూడెంట్ గానీ ఒక్కరు లేరు, క్యాంపస్‌లో మాత్రం రోజూ కనిపిస్తారు.

సెలక్షన్‌లో పక్షపాతం ఉందేమో అని మొదట అనుమానపడ్డా కానీ కమిటీలో నేనూ కూర్చున్నా కదా, అక్కడ ఎవరూ ఎవరికీ అన్యాయం చెయ్యలేదు, వచ్చిన అప్లికేషన్లలో మంచివి తీసుకున్నారు అంతే. అసలు విషయం ఏంటంటే వచ్చిన అప్లికేషన్లే అలాంటివి. మా సీనియర్ ఒకాయన అంటారు "అందరికీ ఓపెన్ గానే పెట్టాం కదమ్మా, రానివాళ్ళని చెయ్యి పట్టుకుని తీసుకురాలేం కదా" అని. ఆయన మంచి మనిషే, ఆ మాటకి నా దగ్గర జవాబు లేక ఊరుకున్నా.

ఒకటి మాత్రం మనసులోంచి పోవట్లేదు. పోయిన సంవత్సరం ఒకమ్మాయి మా కౌంటర్ దగ్గరికొచ్చి పోస్టర్ మొత్తం నిలబడి చదివి, ఫోన్లో ఫోటో తీసుకుని, "మేడం, ఈ స్కాలర్‌షిప్ డబ్బులు వెళ్ళే ముందు ఇస్తారా, వచ్చాక ఇస్తారా" అని అడిగింది. వచ్చాక బిల్లులు పెడితే ఇస్తాం అని చెప్పా, రూల్ అదే మరి. "సరే మేడం, థాంక్యూ" అని నవ్వి వెళ్ళిపోయింది. అప్లికేషన్ రాలేదు. అప్పుడు నాకు వెలగలేదు, ఇప్పుడు ఆ లిస్టులు చూస్తుంటే ఆ అమ్మాయే గుర్తొస్తోంది.

ఇలాంటి ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళు, ఇలా వెళ్ళొచ్చినవాళ్ళు, వెళ్ళాలనుకుని వెళ్ళలేకపోయినవాళ్ళు ఎవరున్నా చెప్పండి. పెద్ద పెద్ద మాటలున్న పాలసీ డాక్యుమెంట్లు చాలా చదివా, పొద్దున ఆఫీసుకెళ్ళి ఏం మార్చాలో అది కావాలి నాకు.


దూరతీరం:

కొత్తకిటికీ గారూ, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నలోనే మీకు కావాల్సిన జవాబులో సగం ఉందండి. నేను మా ఇంట్లో కాలేజీకెళ్ళిన మొదటి మనిషిని, యూరప్‌లో ఒక సెమిస్టర్ చదివొచ్చా, ఇప్పుడు ఒక విద్యాసంస్థలో అకౌంట్స్ వైపు ఉన్నా, అందుకని రెండు పక్కలా చూశా. చేతిలో డబ్బున్నవాళ్ళకి "తర్వాత ఇస్తాం" అంటే అది స్కాలర్‌షిప్పే. లేనివాళ్ళకి అది "ముందు అప్పు తెచ్చుకో, తర్వాత చూద్దాం" అని చెప్పడం. టికెట్, వీసా ఫీజు, ఇన్సూరెన్స్, గదికి డిపాజిట్ ఇవన్నీ బయల్దేరకముందే కట్టాల్సినవి, అంటే మీ సాయం మొత్తం అవసరం తీరిపోయాక చేతికొస్తోంది. నా విషయంలో మా మేనమామ తన పేరు మీద అప్పు తీసుకుని టికెట్ కొన్నాడు కాబట్టి వెళ్ళా, ఆయన లేకపోతే నేను కూడా పోస్టర్ ఫోటో తీసుకుని ఇంటికెళ్ళిపోయేవాణ్ణే.

యూరప్‌లో ఎరాస్మస్ అనే స్టూడెంట్ ఎక్స్‌చేంజ్ ప్రోగ్రాం చూడండి, 1987లో 11 దేశాలతో, 3,244 మంది స్టూడెంట్స్‌తో మొదలైంది. అందులో ఒప్పందం మీద సంతకం పెట్టాక గ్రాంట్‌లో పెద్ద భాగం మొదటి విడతగా ముందే ఇచ్చేస్తారు, చివర్లో మిగిలింది ఇస్తారు. 2021 నుంచి 2027 దాకా నడిచే ఇప్పటి ప్రోగ్రాంలో అయితే తక్కువ అవకాశాలున్న కుటుంబాల నుంచి వచ్చి ఎక్కువ కాలం ఉండేవాళ్ళకి మామూలు గ్రాంట్ మీద నెలకి 250 యూరోలు అదనం. మీ దగ్గర అంత డబ్బు ఉండకపోవచ్చు, పర్లేదు, ఉన్న డబ్బు ఇచ్చే తారీఖు మార్చండి చాలు, అదనంగా ఒక్క రూపాయి పెట్టక్కర్లేదు. మీ ఫైనాన్స్ వాళ్ళు "బిల్లు లేకుండా ఎలా ఇస్తాం" అంటారు, తప్పకుండా అంటారు, ఎందుకంటే నేనూ ఆ కుర్చీలోనే కూర్చుని అదే అనేవాణ్ణి. దానికి దారి ఏంటంటే డబ్బు స్టూడెంట్ చేతికివ్వకుండా టికెట్ మీరే కొనండి, ఇన్సూరెన్స్ మీరే కట్టండి, అప్పుడు బిల్లు నేరుగా మీ పేరు మీదే వస్తుంది, ఆడిట్‌కీ ఇబ్బంది లేదు.

ఇంకో మాట. డబ్బు ఎంత అనేదొక్కటే కాదు, ఎన్నాళ్ళు అనేది కూడా చూడండి. అంబేడ్కర్ గారి చదువే తీసుకోండి, 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో కొలంబియా యూనివర్సిటీకెళ్ళారు, 1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు, స్కాలర్‌షిప్ గడువు అయిపోవడంతో 1917లో చదువు మధ్యలో ఆపేసి వెనక్కి రావాల్సొచ్చింది. మళ్ళీ లండన్ వెళ్ళడానికి 1920 దాకా పట్టింది, అది కూడా జీతంలో దాచుకున్నదీ, తెలిసినవాళ్ళు సాయం చేసిందీ, అప్పూ కలిపి. అంతటి మేధావికే గడువు అడ్డం పడింది. మీ దగ్గర ప్రాజెక్టు ఒక నెల పొడిగితే ఆ నెల ఖర్చు ఎవరిదో ముందే రాసి పెట్టండి, ఉన్నవాళ్ళు ఇంటికి ఫోన్ చేసి తెప్పించుకుంటారు, లేనివాళ్ళు చదువు వదిలేసి వచ్చేస్తారు.


నడిరేయివెన్నెల:

వీల్‌చెయిర్ స్టూడెంట్ ఒక్కరు కూడా లేరు అన్నారు కదా, నేను పవర్ వీల్‌చెయిర్ వాడతా, ఒక సెమిస్టర్ బయట చదివొచ్చా, కాబట్టి చెప్పనివ్వండి. కొంచెం పొడుగవుతుంది.

మా అప్లికేషన్ ఫామ్‌లో ఒక గడి ఉండేది, "ప్రత్యేక అవసరాలు ఏమైనా ఉన్నాయా, అవును / కాదు". సెలక్షన్ కాకముందే అది అడుగుతారు. దాని మీద పెన్ను పెట్టి పావుగంట కూర్చున్నా, అవును అని కొడితే నన్ను పక్కన పెడతారేమో, కాదు అని కొడితే అక్కడికెళ్ళాక "ముందే చెప్పలేదేం" అంటారేమో అని. మీరు రేపు పొద్దున మార్చాల్సింది ఇదే. ఆ ప్రశ్న సెలక్షన్ అయ్యాక అడగండి, అవును/కాదు గడి తీసేసి "అక్కడ మీరు బాగా ఉండడానికి, చదువుకోడానికి మేము ఏం ఏర్పాటు చెయ్యాలి" అని ఖాళీ జాగా వదలండి, అది ప్రతి ఒక్కరినీ అడగండి. నాకు తెలిసినంతలో ఆ ఖాళీ జాగాలో మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్ళు రాస్తారు, వినికిడి తక్కువున్నవాళ్ళు రాస్తారు, డిప్రెషన్‌కి మందులు వాడేవాళ్ళు రాస్తారు, పసిబిడ్డ ఉన్న తల్లులు రాస్తారు. వీళ్ళంతా మీ లిస్టులో ఇప్పటికే ఉండుంటారు, బయటపడకుండా వెళ్ళొచ్చి ఉంటారు, అక్కడ ఒక్కళ్ళే అవస్థ పడి ఉంటారు.

రెండోది గది. నాకు హోస్ట్ యూనివర్సిటీ వాళ్ళు మెయిల్‌లో "యాక్సెసబుల్ రూం" అని రాశారు. వెళ్ళి చూస్తే బిల్డింగ్‌కి ర్యాంపు ఉంది, లిఫ్ట్ ఉంది, గది తలుపు వెడల్పుగా ఉంది, బాత్రూం గడప మాత్రం జానెడు ఎత్తు. మొదటి నాలుగు రోజులు కింద ఫ్లోర్‌లో జిమ్ దగ్గరున్న బాత్రూంకి వెళ్ళా, పొద్దున్నే ఆరింటికి తాళం తీసేవాళ్ళు, అప్పటిదాకా ఆగడం. వాళ్ళు అబద్ధం చెప్పలేదండి, వాళ్ళ దృష్టిలో ర్యాంపు ఉంటే యాక్సెసబుల్ అంతే. అందుకని ఆ మాట నమ్మకండి, ఫోటోలు అడగండి, టేపు పెట్టి తలుపు వెడల్పు, గడప ఎత్తు, మంచం ఎత్తు సెంటీమీటర్లలో పంపమనండి. ఒక్కసారి తెప్పించుకుంటే అది మీ ఫైల్లో ఉంటుంది, తర్వాత వచ్చే స్టూడెంట్‌కి మళ్ళీ అడగక్కర్లేదు. గదికే కాదు, గది నుంచి క్లాసుకి దారి కూడా ఎవర్నైనా నడుస్తూ వీడియో తియ్యమనండి.

ప్రయాణం సంగతి. బ్యాటరీ తీసేసే రకం మడత వీల్‌చెయిర్ అయితే లిథియం బ్యాటరీ 300 వాట్ అవర్లు దాటకూడదు, దాన్ని తీసి క్యాబిన్‌లో మనతోనే తీసుకెళ్ళాలి, ఎయిర్‌లైన్ వాళ్ళకి ముందే చెప్పి పెట్టాలి. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, యూరప్‌లో 230, ఛార్జర్ రెండిటికీ పనిచేస్తుందో లేదో ఇక్కడే చూసుకోవాలి, నాతో పాటు వెళ్ళిన ఒకతని ఛార్జర్ మొదటి రాత్రే కాలిపోయింది.

ఇక హక్కుల విషయం, దేశం దేశానికీ తేడా. అమెరికాలో వికలాంగుల మీద వివక్ష చూపకూడదని 1973 రిహాబిలిటేషన్ చట్టంలో సెక్షన్ 504, 1990లో వచ్చిన ఏడీఏ చట్టం ఉన్నాయి కానీ యూనివర్సిటీలో మనంతట మనం డిజెబిలిటీ ఆఫీసుకెళ్ళి డాక్యుమెంట్లు చూపించి అడగాలి, అడక్కపోతే ఎవరూ వచ్చి ఇవ్వరు. బ్రిటన్‌లో 2010 ఈక్వాలిటీ చట్టం కింద యూనివర్సిటీ తగిన మార్పులు చెయ్యాలి, అది బయటిదేశం స్టూడెంట్స్‌కి కూడా వర్తిస్తుంది, కానీ అక్కడి గవర్నమెంట్ ఇచ్చే డిజేబుల్డ్ స్టూడెంట్స్ అలవెన్స్ మాత్రం మామూలుగా ఇంటర్నేషనల్ స్టూడెంట్స్‌కి రాదు. ఈ తేడా తెలియక అలవెన్స్ వస్తుందని లెక్కేసుకుని వెళ్ళి ఇరుక్కున్నవాళ్ళున్నారు. మొబిలిటీ ఇంటర్నేషనల్ యూఎస్ఏ అని 1981 నుంచి దీని మీదే పనిచేస్తున్న సంస్థ ఉంది, వికలాంగులైన స్టూడెంట్స్ బయటికెళ్ళడానికి కావాల్సిన సమాచారం వాళ్ళ దగ్గర చాలా ఉంటుంది, మీ ఆఫీసులో ఒకరు కూర్చుని అది చదవాలి.

ఇంత రాశా కదా, ఎవరూ భయపడకూడదు. నా జీవితంలో గొప్ప ఐదు నెలలు అవి. ఒక్కదాన్నే ట్రామ్ ఎక్కి ఊరి చివర దాకా వెళ్ళొచ్చా. నాలాంటి ఇంకొకరు వెళ్ళాలనే ఇదంతా చెప్తున్నా.


తూనికరాయి:

కొంచెం వేరే మాట చెప్తా, తప్పుగా అనుకోకండి. సీట్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ, అలాంటప్పుడు మార్కులు చూడకుండా నేపథ్యం చూసి ఇస్తే కష్టపడి చదివినవాళ్ళకి అన్యాయం కాదా? నేను ఏ పలుకుబడీ లేకుండా మార్కులతోనే వెళ్ళా. నాకు మార్కులే దిక్కు. రేపు మార్కుల కటాఫ్ తీసేస్తే నాలాంటివాళ్ళకి నష్టం కాదా అని నా భయం.


దూరతీరం:

మీ భయం అర్థమైంది తూనికరాయి గారూ, పలుకుబడి లేనివాళ్ళకి మార్కులు ఆసరా అనేది నిజం, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఇక్కడ ఎవరూ సీటు లాక్కుని ఇంకొకరికి ఇమ్మనట్లేదు కదా, అప్లై చెయ్యకుండా వెళ్ళిపోతున్నవాళ్ళు వచ్చేలా చెయ్యమంటున్నాం. వాళ్ళు వచ్చాక పోటీ పడనివ్వండి. ఇంకో సంగతి, రోజూ సాయంత్రం నాలుగ్గంటలు షాపులో నిలబడి వచ్చి చదివినవాడి 7.8 కీ, ఇంట్లో వేరే పనే లేకుండా చదివినవాడి 8.2 కీ మధ్య తేడా ఎంత అని నేనైతే ఆలోచిస్తా. మార్కులు తీసెయ్యమనను, వాటి పక్కన ఇంకో గడి పెట్టమంటా, ఆ సంవత్సరంలో చదువుతో పాటు ఇంకేం మోశావు అని.


తూనికరాయి:

పక్కన గడి పెట్టడం వరకు అయితే నాకు అభ్యంతరం లేదు. నిజానికి నేనూ సెకండియర్‌లో పని చేశా, ఎవరూ అడగలేదు కాబట్టి ఎక్కడా రాయలేదు.


గూటిపడవ:

నేను అమెరికాలో ఒక యూనివర్సిటీ స్టడీ అబ్రాడ్ ఆఫీసులో ఉన్నా, తొమ్మిదేళ్ళయింది. మీరు చూసిన లిస్టు కొత్తేం కాదండి, ఈ రంగం పుట్టుకే అలాంటిది. 1923లో డెలావేర్ యూనివర్సిటీ వాళ్ళు ఎనిమిది మంది స్టూడెంట్స్‌ని ఫ్రాన్స్ పంపారు, ఇక్కడ జూనియర్ ఇయర్ అబ్రాడ్, అంటే డిగ్రీ మూడో ఏడాది బయటిదేశంలో చదవడం అనేది అక్కడే మొదలు, ఆ ఎనిమిది మందీ మగపిల్లలే. వందేళ్ళ తర్వాత ఇప్పుడు ఇక్కణ్ణుంచి వెళ్ళేవాళ్ళలో దాదాపు మూడింట రెండొంతులు ఆడపిల్లలు. జాతి పరంగా చూస్తే 2005 ప్రాంతంలో బయటికెళ్ళిన అమెరికన్ స్టూడెంట్స్‌లో నూటికి 83 మంది దాకా తెల్లవాళ్ళే, ఇప్పుడు అది 70 లోపుకి వచ్చింది. అంటే మారుతుంది, దానంతటదే మారలేదు, ఒక్కో అడ్డూ ఎవరో ఒకరు పట్టుకుని తీస్తే మారింది.

ఆ తీసినవాటిలో పెద్దది గిల్మన్ స్కాలర్‌షిప్ అని నా అభిప్రాయం. 2000లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి పెట్టింది, పెల్ గ్రాంట్ తీసుకునే స్టూడెంట్స్‌కి మాత్రమే, అంటే ఆదాయం తక్కువున్న కుటుంబాల పిల్లలకి. 5,000 డాలర్ల దాకా ఇస్తారు, కొన్ని ముఖ్యమైన భాషలు నేర్చుకునేవాళ్ళకి 8,000 దాకా. అమెరికా పౌరులకే కాబట్టి మీకు నేరుగా పనికిరాదు, దాన్ని కట్టిన పద్ధతి మాత్రం చూసి నేర్చుకోవచ్చు. ఒకటి, ఎవరికి అవసరమో వేరే ఆఫీసు ఇప్పటికే తేల్చి పెట్టింది, కాబట్టి స్టూడెంట్ మళ్ళీ తన పేదరికాన్ని పేజీలు పేజీలు రాసి నిరూపించుకోనక్కర్లేదు. మీ దగ్గర ఫీజు రాయితీ లిస్టు ఉంది కదా, అదే వాడండి, వాళ్ళకి మీరే ముందు మెయిల్ పెట్టండి "నీకు ఇది వర్తిస్తుంది, వచ్చి కలువు" అని. రెండు, తిరిగొచ్చాక ప్రతి ఒక్కరూ తమ క్యాంపస్‌లోనో తమ వాళ్ళలోనో ఈ అవకాశం గురించి చెప్పే ఒక ప్రాజెక్టు చెయ్యాలి, అది షరతు. ఇది చాలా పనిచేస్తుంది. మా ఆఫీసులో నేను గంట సేపు చెప్పినదానికన్నా, తనలాంటి ఇంటి నుంచే వెళ్ళొచ్చిన ఒక స్టూడెంట్ పది నిమిషాలు చెప్పినదానికి ఎక్కువమంది వస్తారు. వాళ్ళు అడిగే ప్రశ్నలు కూడా వేరు, నన్ను అకడమిక్ క్రెడిట్స్ అడుగుతారు, ఆ పిల్లని "మీ అమ్మని ఎలా ఒప్పించావు" అని అడుగుతారు.

ఒకటి తెలిసుంటే మంచిది, ఇక్కడ ఇప్పుడు వాతావరణం మారిపోయింది. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడం కుదరదంది, టెక్సస్‌లో 2024 జనవరి నుంచి పబ్లిక్ యూనివర్సిటీల్లో డీఈఐ ఆఫీసులు, అంటే అన్ని నేపథ్యాలవాళ్ళకీ సమాన అవకాశాలు చూసే ఆఫీసులు ఉండకూడదని చట్టం అమల్లోకొచ్చింది, 2025 జనవరిలో ప్రెసిడెంట్ ఆర్డర్లు వచ్చాక చాలా చోట్ల ఆఫీసులు మూతపడ్డాయి లేదా పేరు మార్చుకున్నాయి. నాకు దీని మీద చాలా బాధ ఉంది, ఇరవై ఏళ్ళు కష్టపడి నిలబెట్టిన మనుషుల్ని పంపించేశారు. మీ స్టూడెంట్ ఎవరైనా అమెరికా వస్తుంటే పాత వెబ్‌సైట్లో ఉన్న ఆఫీసు పేరు నమ్ముకుని రావద్దని చెప్పండి, ఇప్పుడు ఎవరున్నారో మనిషి పేరుతో సహా కనుక్కుని పంపండి. అలాగే వైకల్యం ఉన్న స్టూడెంట్స్ హక్కులు ఆ డీఈఐ ఆఫీసులతో వచ్చినవీ కావు, వాటితో పోయేవీ కావు, నడిరేయివెన్నెల గారు చెప్పిన రెండు చట్టాలూ అలాగే ఉన్నాయి. ఆఫీసు మూసేశారు కాబట్టి హక్కు కూడా పోయిందనుకుని కొందరు అడగడమే మానేస్తున్నారు, అది చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.


మట్టిదీపం:

అందరూ వెళ్ళేవాళ్ళ డబ్బు గురించి చెప్పారు, నేను వీసాకి చూపించాల్సిన డబ్బు గురించీ, అక్కడ చేరాక జరిగేదాని గురించీ చెప్తా. నేను జర్మనీలో చదివా. ట్యూషన్ ఫీజు దాదాపు లేదు అని విని వెళ్ళే పిల్లలు చాలామంది, కానీ వీసాకి బ్లాక్డ్ అకౌంట్ (నెలకింత అని మాత్రమే తీసుకోనిచ్చే అకౌంట్)‌లో ఏడాదికి 11,904 యూరోలు ముందే వేసి చూపించాలి, 2024 నుంచి లెక్క అది. బ్రిటన్‌లో అయితే చూపించాల్సిన డబ్బు వరుసగా 28 రోజులు అకౌంట్‌లో కదలకుండా ఉండాలి, ఒక్కరోజు తగ్గినా వీసా రాదు. అంటే "ఉచిత చదువు" గేటు ముందు ఇంకో గేటు ఉంది, అది బ్రోషర్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీ పోస్టర్ మీద పెద్ద అక్షరాల్లో రాయండి, ఏ నెలలో ఎంత చేతిలో ఉండాలి అని. డబ్బు లేనివాళ్ళకి ఎంత ఖర్చవుతుందో తెలియకపోవడం అన్నిటికన్నా పెద్ద భయం, ఎంతో తెలిస్తే ఏదో ఒక దారి వెతుక్కుంటారు.

ఇక సేఫ్టీ. బయల్దేరే ముందు ఓరియంటేషన్‌లో దొంగతనాలు, ట్రాఫిక్ గురించి చెప్పి వదిలేస్తారు. స్వలింగ సంబంధాలు ఇప్పటికీ 60కి పైగా దేశాల్లో నేరం, మీ పార్ట్‌నర్ యూనివర్సిటీ ఉన్న దేశం అందులో ఉందో లేదో మీకు తెలియాలి. ఏడీహెచ్‌డీకి (దేని మీదా ధ్యాస నిలవని సమస్యకి) వాడే మందుల్లో ఆంఫెటమిన్ ఉన్న రకాలు జపాన్‌లోకి డాక్టర్ చీటీ ఉన్నా సరే తీసుకెళ్ళకూడదు, ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటే అరెస్టే. ఇవి ఎవరో చెయ్యెత్తి అడిగితే చెప్పేవి కాకూడదు, ఎందుకంటే అసలు అవసరమున్న మనిషి పదిమందిలో చెయ్యెత్తడు. అన్ని దేశాలకీ ఒక్కో పేజీ రాసి అందరికీ ఇవ్వండి, ఎవరిది వాళ్ళు ఇంటికెళ్ళి చదువుకుంటారు. అలాగని "నీకు అక్కడ కష్టం, వెళ్ళకు" అని మీరే తేల్చెయ్యకండి. నాకు ఒక సారి ఒక ఆఫీసర్ అలాగే మంచి మనసుతోనే చెప్పారు, అక్కడ నీలాంటివాళ్ళు తక్కువ, ఒంటరిగా ఫీలవుతావు అని. ఆవిడకి నా మీద ప్రేమే. ఆ నిర్ణయం మాత్రం నాది కదా, ఉన్నది ఉన్నట్టు చెప్తే నేను తీసుకునేదాన్ని.

కులం గురించి కూడా ఒక మాట. సముద్రం దాటితే అది పోతుందనుకుంటాం, ఒకే చోటు నుంచి వెళ్ళిన నలుగురు ఒక ఫ్లాట్‌లో దిగిన రెండో రోజే ఇంటిపేరు అడుగుతారు, ఆ తర్వాత వంట ఎవరితో, గది ఎవరితో అనేది మారిపోతుంది. నేను చూశా, అనుభవించా. అమెరికాలో బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థ 2022లో తమ వివక్ష వ్యతిరేక రూల్స్‌లో కులాన్ని చేర్చాయి, 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం చట్టమే చేసింది. మీ పార్ట్‌నర్ యూనివర్సిటీ పాలసీలో ఆ మాట ఉందో లేదో చూడండి, లేకపోయినా మీ ఓరియంటేషన్‌లో మాత్రం ఉండాలి, కంప్లయింట్ ఎవరికి చెప్పాలో మనిషి పేరు, మెయిల్ తో సహా.


కొత్తకిటికీ:

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. ఇన్ని పాలసీ డాక్యుమెంట్లలో దొరకనిది ఇక్కడ దొరికింది. నాలుగు రోజులు పట్టింది తిరిగి రాయడానికి, ఎందుకంటే మీరు చెప్పినవి పట్టుకుని ఆఫీసులో తిరిగా.

ఫామ్‌లో ఆ అవును/కాదు గడి తీసేశాం, అది నా చేతిలోనే ఉంది కాబట్టి అదే రోజు అయిపోయింది. నడిరేయివెన్నెల గారూ, మా పార్ట్‌నర్లందరికీ గది కొలతలు అడుగుతూ మెయిల్ పెట్టా, ముగ్గురు జవాబిచ్చారు, ఒకాయన నిజంగానే టేపు పట్టుకుని బాత్రూం గడప ఫోటో తీసి పంపారు, పదకొండు సెంటీమీటర్లుందట, ఇన్నేళ్ళూ ఆ గదిని యాక్సెసబుల్ అని రాస్తున్నాం అని ఆయనే బాధపడ్డారు, చెక్కతో చిన్న ర్యాంపు పెట్టిస్తామన్నారు.

డబ్బు విషయంలో ఫైనాన్స్ వాళ్ళతో రెండు సార్లు కూర్చున్నా. మొదటిసారి దూరతీరం గారు చెప్పినట్టే "బిల్లు లేకుండా ఎలా" అన్నారు. టికెట్, ఇన్సూరెన్స్ మేమే కొంటాం అన్న మాటతో రెండోసారి ఒప్పుకున్నారు, వచ్చే బ్యాచ్ నుంచి అమలు. గది డిపాజిట్ మాత్రం ఇంకా తేలలేదు, అది హోస్ట్ వాళ్ళకి స్టూడెంటే కట్టాలట, దాని మీద ఇంకా కొట్లాడుతున్నా. మా సీనియర్ ఆయనకి ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న చెప్పా, ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఫీజు రాయితీ లిస్టు తనే తెప్పించి ఇచ్చారు.

ఆ అమ్మాయి ఎవరో కనుక్కున్నా, ఇప్పుడు ఫైనలియర్ మొదటి సెమిస్టర్‌లో ఉంది, సెలవుల ప్రోగ్రాంకి ఇంకా టైముంది. రేపు మధ్యాహ్నం క్లాసయ్యాక వెళ్ళి కలుద్దామనుకుంటున్నా.


గూటిపడవ:

చాలా సంతోషంగా ఉందండి. కలిసినప్పుడు ముందు పాస్‌పోర్ట్ ఉందా అని అడగండి, లేకపోతే అప్లికేషన్ కన్నా ముందు అది మొదలుపెట్టించండి, మా దగ్గర సెలక్టయిన పిల్లలు పాస్‌పోర్ట్ చేతికి రాకే ఆగిపోయిన సందర్భాలున్నాయి. దాని ఫీజు కూడా మీ లిస్టులో చేర్చండి.


నడిరేయివెన్నెల:

పదకొండు సెంటీమీటర్ల ఫోటో వీలైతే నాకూ పంపండి. ర్యాంపు ఎంత పొడుగుండాలో లెక్క చెప్తా, మరీ పొట్టిగా చేస్తే వాలు ఎక్కువై కుర్చీ వెనక్కి జారుతుంది.